పెట్టెలోని పన్నెండు మెట్లు

పాలంపేట రామప్ప దేవాలయమును క్రీ. శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించెను. వరంగల్లుకు ఇంచుమించు 70 కిలోమీటర్ల దూరముననున్న ఆ గుడి స్తంభములపైన, గోడలపైన నర్తకులు, మద్దెల వాయించువారు, వేణువూదు కృష్ణుడు నేటికిని శిల్పరూపమున నిలిచియున్నారు. గుడి కట్టిన నలువది యేండ్లకు కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియగు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ యను గ్రంథమును రచించెను. కాకతీయుల నాటి ఆటపాటలను గూర్చి తెలిసికొనగోరువారికి ఆ రాళ్ళును, ఈ గ్రంథమును ముఖ్యాధారములు. ఆ కాలపు వాద్యములలో తంత్రులను మీటునవి కలవు. గొట్టములో ఊదునవి కలవు. తోలుపై మ్రోగించునవి కలవు. కంచు తాళములు కలవు. మెట్లను నొక్కి పలికించెడి వాద్యము మాత్రము ఒక్కటియు లేదు.

నేడు అదే ప్రాంతములోని ఒక పల్లెలో చిందు యక్షగానము జరుగుచుండగా చూచినచో, తాళములతోను మద్దెలతోను కలిసి హార్మోనియము వినిపించును. 2024లో పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికైన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ఉమ్మడి వరంగల్లు జిల్లా నుండి విడివడిన జనగామ జిల్లావాడు. ఆ ఆటలో హార్మోనియము ఎంతగా కలిసిపోయినదనగా, అది మన దేశమునకు వచ్చి రెండు వందల యేండ్లయినను కాలేదని చెప్పినచో ప్రేక్షకులు సులభముగా నమ్మరు. అంతేకాదు, అదే హార్మోనియమును ఒకప్పుడు ప్రభుత్వ రేడియో ముప్పది యేండ్లకు పైగా తన గుమ్మము త్రొక్కనీయలేదు. ఎందులకు? అది చేసిన తప్పేమి? విద్యుత్తుతో పలికెడి నేటి కీబోర్డు ఆ తప్పును దిద్దినదా, లేక తానును మోయుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము చరిత్రలో సగము, భౌతికశాస్త్రములో సగము కలదు.

హార్మోనియము మూలపదార్థము ఒక చిన్న ఇత్తడి నాలుక. సంగీతకారులు దానిని రీడు అందురు. ఒక లోహపు పలకలో సన్నని చీలిక చేసి, ఆ చీలిక కన్న వెంట్రుకవాసి సన్నగానున్న నాలుకను ఒక కొనయందు మాత్రమే బిగింతురు. రెండవ కొన స్వేచ్ఛగా నుండును. గాలి ఆ సందుగుండ దూరినపుడు నాలుక చీలికలోనికి, వెలుపలికి ఊగుచు గాలిని తునుకలు తునుకలుగా వదలును. సెకనుకు ఎన్ని తునుకలో అంత పౌనఃపున్యముగల నాదము పుట్టును. ఈ సూత్రము తూర్పు దేశములకు క్రొత్తది కాదు. చీనావారి షెంగ్ అను వెదురు వాద్యములో ఇట్టి నాలుకలే వేల యేండ్ల క్రిందటి నుండి కలవు. ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ నాలుకలపై ఆసక్తి కలిగినది; 1840లో పారిస్ నగరపు వాద్యనిర్మాత అలెగ్జాండర్ దెబెయిన్ తాను తయారుచేసిన మెట్ల వాద్యమునకు హార్మోనియము అను పేరుతో హక్కు పత్రము పొందెను.

దెబెయిన్ చేసిన వాద్యము బల్లయంత ఉండెడిది. కుర్చీలో కూర్చుండి రెండు కాళ్ళతో తిత్తులను త్రొక్కుచు, రెండు చేతులతో మెట్లను నొక్కవలెను. క్రైస్తవ మిషనరీలును, ఆంగ్ల ఉద్యోగులును దానిని భారతదేశమునకు కొనివచ్చిరి. పైపు ఆర్గను వలె గుడియంత స్థలమును కోరదు. పియానో వలె వానకాలపు చెమ్మకు తరచుగా శ్రుతి తప్పదు. అయినను నేలపై చాపవేసికొని కూర్చుండి పాడెడి దేశములో కుర్చీ వాద్యము ఎట్లు ఇముడును? కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ద్వార్కిన్ అను పేరుతో వాద్యముల వ్యాపారము నడపుచు, 1880ల నాటికి దానిని చేతి హార్మోనియముగ మార్చెను. కాళ్ళ తిత్తులు పోయి, వెనుక ఒక చేతి తిత్తి వచ్చినది. లోపల ఇంకొక తిత్తి స్ప్రింగుల ఒత్తిడితో గాలిని నిలువచేయును. అందుచేత చేయి ఒక క్షణము ఆగినను నాదము తెగదు.

ఈ మార్పు పైకి వడ్రంగి పనివలె కనిపించును గాని, దానిలో సంగీతశాస్త్రమంతయు ఇమిడియున్నది. ఐరోపా సంగీతములో ఒకే సమయమున పలు స్వరములు కలిసి పలుకవలెను. దానికి రెండు చేతులు కావలెను. మన సంగీతములో ఒక స్వరము తరువాత ఒక స్వరము నడచును. దానికి ఒక చేయి చాలును. రెండవ చేతిని తిత్తికి అప్పగించినందున వాద్యము సగమునకు సగము చిన్నదై, ఒక మనిషి చంకన పెట్టుకొని పోదగినది అయినది.

చంకన పెట్టుకొని పోయినవారిలో మొదటివారు నాటకములవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకముతో ప్రారంభించిన సురభి కుటుంబము అనేక కంపెనీలుగా విస్తరించి ఊరూర తిరిగెను. 1889 నాటికి సికింద్రాబాదు నుండి వరంగల్లు మీదుగా బెజవాడకు రైలు వచ్చినది. తెరలు, కిరీటములు, వంటపాత్రలతోబాటు హార్మోనియము పెట్టెలును రైలెక్కినవి. ఒక నాటకము ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవుట సులభమైన కొలది వరుసలును, రాగములును, వాద్యములును ఊరు దాటినవి.

నాటకములవారికి ఈ పెట్టె ఎందులకు ఇంత ప్రియమైనది? ఆనాడు మైకులు లేవు. పందిరి చివర కూర్చున్నవానికి పద్యము వినబడవలెనన్నచో నటుడు హెచ్చు శ్రుతిలో, నాలుగు మొదలు ఐదున్నర వరకును, గొంతెత్తి పాడవలెను. అట్టి గొంతు ప్రక్కన తంబుర వినబడదు. వీణ అసలే వినబడదు. హార్మోనియము వినబడును. నటుడు తెర వెనుక నుండి వచ్చులోపల అతని శ్రుతిని అందించును. పద్యము చివర రాగము తీయునపుడు వెంట నడచును. ఊపిరి తీసికొను వ్యవధిలో ఆ ఖాళీని పూరించును. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకవేసినపుడు మరల మొదటి స్వరమును నొక్కి సిద్ధముగా నుండును. మైలవరం నాటక సమాజములోని పాపట్ల కాంతయ్య వంటి హార్మోనియము విద్వాంసులు కేవలము ప్రక్కవాద్యకారులు కారు. నాటకమునకు వరుసలు కూర్చి, నటులకు పాట నేర్పిన గురువులు. తెలుగు పద్యనాటకపు వరుసలు వేదికపైకి రాకముందు ఈ మెట్లపైననే రూపుదిద్దుకొన్నవనుట అతిశయోక్తి కాదు.

ఇక తప్పు మాటకు వత్తము.

హార్మోనియములో ఒక స్థాయికి పన్నెండు మెట్లు. పన్నెండింటి మధ్య దూరములు సమానము. అనగా ప్రతి మెట్టు పౌనఃపున్యము దాని క్రింది మెట్టుకు 1.0595 రెట్లు. ఈ గుణకారమును పన్నెండు మారులు చేసినచో సరిగా 2 వచ్చును. అదియే పై షడ్జము. ఈ ఏర్పాటును సమవిభాజిత స్వరగ్రామము అనవచ్చును. దీని లాభము గొప్పది. ఏ మెట్టును షడ్జముగా తీసికొన్నను పాట ఒకే విధముగ పలుకును. నటుని గొంతు నేడు నాలుగవ శ్రుతికి, రేపు ఐదవ శ్రుతికి పోయినను పెట్టెను మార్చనక్కరలేదు.

కాని చెవి కోరునది సమానమైన దూరములను కాదు, సరళమైన నిష్పత్తులను. ధ్వనిశాస్త్రపు పాఠములలో షడ్జమును 240గా తీసికొని సహజ స్వరగ్రామమును 240, 270, 300, 320, 360, 400, 450, 480 అని చెప్పుట ఉపాధ్యాయులకు తెలిసినదే. గాంధారము షడ్జమునకు 5/4 రెట్లు, పంచమము 3/2 రెట్లు. ఇప్పుడు హార్మోనియము మెట్లను లెక్కించి చూడుడు. రిషభము 269.4, మధ్యమము 320.4, పంచమము 359.6. ఇవి సహజ స్వరములకు అతి సమీపమున ఉన్నవి. గాంధారము మాత్రము 302.4, దైవతము 403.6, నిషాదము 453.1. ఇక్కడనే చిక్కు వచ్చినది.

300 కును 302.4 కును భేదమెంత అని విద్యార్థి అడుగవచ్చును. ఆ స్వరమును ఒంటరిగా విన్నచో భేదము తెలియకపోవచ్చును. షడ్జముతో కలిపి విన్నప్పుడు తెలియును. రీడు నాదములో మూల పౌనఃపున్యముతోబాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లున్న అనుస్వరములు బలముగా నుండును. షడ్జపు ఐదవ అనుస్వరము 1200. సహజ గాంధారపు నాలుగవ అనుస్వరమును 1200. రెండును ఒకదానిలో నొకటి కలిసిపోవును. హార్మోనియము గాంధారపు నాలుగవ అనుస్వరము 1209.5. కావున సెకనుకు 9 లేక 10 విస్పందనములు పుట్టి నాదము వణకినట్లు వినబడును. పంచమముతో ఇదే లెక్క చేసినచో సెకనుకు ఒక్క విస్పందనమైనను పూర్తిగా రాదు. అందుచేతనే హార్మోనియముపై స-ప జంట నిలకడగాను, స-గ జంట కొంచెము గరగరగాను ఉండును. తంబుర ముందు కూర్చుండి సాధన చేసిన గాయకుడు తనకు తెలియకుండగనే 300 వద్ద గాంధారమును నిలుపును. ప్రక్కన పెట్టె 302.4 అని పట్టుబట్టును.

ఇది మొదటి తప్పు. రెండవది ఇంతకన్న పెద్దది. మన రాగములలో స్వరము ఒక చుక్క కాదు; ఒక కదలిక. తోడిలోని గాంధారమును, శంకరాభరణములోని మధ్యమమును గమకము లేకుండ పలికినచో రాగము మారువేసికొన్నట్లుండును. సన్నాయి వాయించువాడు పెదవుల ఒత్తిడితోను, ఊపిరితోను స్వరమును జార్చగలడు. వీణకు మెట్లున్నను తంత్రిని ప్రక్కకు లాగినచో శ్రుతి పెరుగును. హార్మోనియము రీడుకు ఆ అవకాశము లేదు. ఇత్తడి నాలుక పౌనఃపున్యమును నిర్ణయించునది దాని పొడవు, మందము, స్థితిస్థాపకత. గాలిని గట్టిగా తోసినచో నాదము పెద్దదగును గాని శ్రుతి దాదాపు మారదు. దెబెయిన్‌కు వరమైన ఈ గుణమే మన గాయకునకు శాపమైనది.

ఈ రెండు తప్పులను ఎత్తి చూపినవారిలో దేశీయులును, విదేశీయులును కలరు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగమును చూచిన ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1938లో హార్మోనియమును ఖండించుచు వ్రాసెను. 1940 జనవరిలో రవీంద్రనాథ ఠాగూరు దానిని తొలగింపవలెనని కోరుచు కలకత్తా రేడియో నిలయమునకు జాబు వ్రాసెను. ఆనాడు అఖిల భారత రేడియోకు అధిపతి లయొనెల్ ఫీల్డెన్ అను ఆంగ్లేయుడు. 1940 మార్చి 1 నుండి హార్మోనియము రేడియోలో నిషేధింపబడినది.

తెలుగు శ్రోతలకు దీని ఫలితము విచిత్రముగా నుండెను. 1938లో ప్రారంభమైన మదరాసు నిలయము, 1948లో ప్రారంభమైన విజయవాడ నిలయము ఈ నిషేధము క్రింద నడచినవి. ఊరి పందిరిలో హార్మోనియము లేనిదే పద్యము లేదు. రేడియోలో పద్యమున్నది గాని హార్మోనియము లేదు. వరంగల్లు అప్పుడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదులోని డెక్కన్ రేడియో నిజాము ప్రభుత్వముది గనుక ఢిల్లీ ఆజ్ఞ దానికి వర్తింపలేదు. 1950లో ఆ నిలయము అఖిల భారత రేడియోలో కలిసిన పిమ్మట ఈ ప్రాంతపు హార్మోనియము విద్వాంసులకును ఆ తలుపు మూసికొన్నది. రేడియో వేతనము, రేడియో గుర్తింపు అనునవి ఆనాటి కళాకారునికి చిన్న విషయములు కావు. పదునైదు, ఇరువది యేండ్లు సాధన చేసిన విద్య ప్రభుత్వ నిలయమున విద్యగా లెక్కకు రాకపోయెను.

నిషేధమునకు చెప్పిన కారణములలో ఒకటి శాస్త్రసమ్మతమే. పైన లెక్కతో చూచితిమి. విదేశీ వాద్యమన్న కారణము మాత్రము నిలువదు. వాయులీనమును విదేశీ వాద్యమే. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు చేర్చెను. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడు దానితో తెలుగువారిని తన్మయులను చేసెను. దానిని వెలివేయవలెనని ఎవ్వరును అనలేదు. వాయులీనమునకు మెట్లు లేవు. వ్రేలు ఎక్కడ ఆగిన అక్కడ స్వరము. కనుక అసలు తగవు దేశమును గూర్చినది కాదు, మెట్టును గూర్చినది. మరియొక సంగతి. నటుడు పద్యము పాడునపుడు గమకములను హార్మోనియమునుండి తెచ్చికొనలేదు. గమకము గొంతులో నున్నది. పెట్టె దానికి ఊతకర్ర మాత్రమే. మంచి హార్మోనిస్టు గాయకుడు జారుచున్న చోట మెట్టు వదలి, నిలిచిన చోట అందుకొనును. ఈ నేర్పును నిషేధించినవారు గమనించినట్లు కనబడదు. 1971లో నిషేధమును కొన్ని పరిమితులతో సడలించిరి.

తప్పును చట్టముతో గాక పనిముట్టుతో దిద్ద ప్రయత్నించినవారును కలరు. మహారాష్ట్రమున కె. బి. దేవల్ 1910లో ఇరువదిరెండు శ్రుతులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ ఊహలను అనుసరించి ఎర్నెస్ట్ క్లెమెంట్స్ అను ఆంగ్ల ఉద్యోగి ఇరువదిరెండు శ్రుతుల హార్మోనియమును చేయించెను. ఇటీవల విద్యాధర్ ఓక్ అను వైద్యుడు అట్టి వాద్యమునే మరియొక విధముగ నిర్మించెను. ఇవి మొదటి తప్పును దిద్దగలవు. రెండవ తప్పు అట్లే యుండును: మెట్లు పన్నెండైనను, ఇరువదిరెండైనను, ఒక మెట్టు నుండి మరియొక మెట్టుకు జారుటకు దారి లేదు.

దారి చూపినది విద్యుత్తు. నాదమును ఇత్తడి నాలుకకు బదులు విద్యుత్ డోలనముల నుండి పుట్టించినచో శ్రుతి లోహపు పొడవుకు కట్టుబడి యుండనక్కరలేదు. అమెరికాలో థాడియస్ కాహిల్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున నిర్మించిన టెల్హార్మోనియము డైనమోలతో నాదము పుట్టించి టెలిఫోను తీగలపై పంపెడిది. దాని బరువు 200 టన్నులని చెప్పుదురు. చంకన పెట్టుకొనదగిన పెట్టెను చూచినవారికి ఇది హాస్యముగా తోచవచ్చును. 1920లో రష్యా శాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ చేతితో తాకనక్కరలేని వాద్యమును కనుగొనెను. 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టంట్ మార్టిన్ క్లావియోలిన్ అను చిన్న మెట్ల వాద్యమును చేసెను. ఇది భారతదేశమున ఒక పాముతో ప్రసిద్ధికెక్కినది. 1954 నాటి ‘నాగిన్’ హిందీ చిత్రములో శ్రోతలు నాగస్వరమని భావించిన నాదము నాగస్వరము కాదు. కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలినును, రవి వాయించిన హార్మోనియమును కలిసిన ధ్వని. పాములవాని బుర్ర విద్యుత్ పెట్టెలో పుట్టినదని తెలియక దేశమంతయు తలలూపెను.

1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్ నిర్మించిన సింథసైజరులో ఒక సులభసూత్రము కలదు. డోలకమునకు ఇచ్చు వోల్టేజి ఒక వోల్టు పెరిగినచో స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవును. అనగా ఒక మెట్టుకు వోల్టులో పన్నెండవ వంతు. మెట్టు నొక్కుట యనగా ఒక నియతమైన వోల్టేజిని పంపుట. కాని వోల్టేజి మెట్ల వలె ఎగిరి దూకనక్కరలేదు. కొళాయి త్రిప్పినట్లు మెల్లగా పెంచవచ్చును. 1970లో వచ్చిన మినీమోగులో ఎడమచేతి ప్రక్కన ఒక చిన్న చక్రము నమర్చిరి. కుడిచేతితో మెట్టు నొక్కి ఎడమచేతితో చక్రము త్రిప్పినచో స్వరము వంగును. హార్మోనియములో తిత్తికి పోయిన ఎడమచేయి ఇప్పుడు గమకమునకు వచ్చినది. భారతదేశమునకు మోగ్ వాద్యము తొందరగానే చేరెను: 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతవేత్త డేవిడ్ ట్యూడర్ దానితో ఒక ధ్వనిశాలను ఏర్పరచెను.

శ్రుతి ఒక్కటియే చాలదు, నాదగుణమును కావలెను. వేణువును, వాయులీనమును ఒకే స్వరము పలికినను వేరువేరుగా గుర్తించుటకు అనుస్వరముల పాళ్ళు, నాదము పుట్టి అణగెడి తీరు కారణములు. వరంగల్లువాడైన నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ప్రముఖుల కంఠములనే గాక ఆంగ్ల చలనచిత్రములలోని ధ్వనులను సైతము ఒక్క గొంతుతో పలికించెడివాడు. చెవితో నాదమును విడగొట్టి, నోటిలోని ఖాళీని మార్చి మరల కూర్చుటయే ఆయన విద్య. సింథసైజరు చేయునదియు అదియే, పరికరము వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో ఒక డోలనముతో మరియొక డోలనపు పౌనఃపున్యమును వేగముగా మార్చినచో అనేక అనుస్వరములు ఒక్కసారిగా పుట్టునని గ్రహించెను. ఆ సూత్రముపై జపానులోని యమహా కంపెనీ 1983లో డి.ఎక్స్. 7 అను కీబోర్డును విడుదల చేసెను. అదే సంవత్సరము వేరువేరు కంపెనీల వాద్యములు ఒకదానితో నొకటి మాట్లాడుటకు మిడి అను సంకేతభాష వాడుకలోనికి వచ్చినది.

మిడి భాషలో ఒక చమత్కారము కలదు. స్వరములకు అది ఇచ్చినవి 128 సంఖ్యలు మాత్రమే, అన్నియు మెట్లే. కాని శ్రుతిని వంచు చక్రమునకు 16,384 మెట్టుల సూక్ష్మత నిచ్చినది. చక్రము సాధారణముగ పైకి రెండు మెట్లు, క్రిందికి రెండు మెట్లు వంచును. ఒక మెట్టులో నూరవ వంతును సెంటు అందురు. లెక్క కట్టినచో చక్రపు ఒక్క అడుగు సెంటులో నలువదవ వంతు. మనుష్యుని చెవి ఇంత చిన్న భేదమును పట్టలేదు. కావున తోడి గాంధారము పలుకలేకపోయినచో ఆ తప్పు ఇక వాద్యముది కాదు, చేతిది. చెన్నపట్టణమున కె. సత్యనారాయణన్ కీబోర్డుపై కర్ణాటక కచేరీలు చేసి ఈ సంగతిని నిరూపించెను.

తెలుగు చలనచిత్రములలో ఈ మార్పు ఒక తరమునకును మరియొక తరమునకును మధ్య జరిగెను. సాలూరి రాజేశ్వరరావు, టి. వి. రాజు వాద్యబృందములను ఎదుట కూర్చుండబెట్టుకొని పాటలు కూర్చినవారు. వారి కుమారులు కోటి, రాజ్ జంటగా 1980లలో స్వరకర్తలైనపుడు పాటలలో సింథసైజరు ముందుకు వచ్చినది. వారివద్ద కీబోర్డు వాయించిన యువకులలో దిలీప్ అనునతడు ఒకడు. 1992 నుండి లోకము అతనిని ఎ. ఆర్. రెహమాన్ అను పేర ఎరుగును. ఉమ్మడి వరంగల్లు జిల్లా కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో ‘బాచి’ చిత్రముతో స్వరకర్తయగునాటికి కీబోర్డు, కంప్యూటరు లేని పాట అరుదైనది. ఇరువదిమంది వాయులీనకారులు కూర్చుండవలసిన చోట ఒక్కడు కూర్చుండెను. మిగిలినవారి సంగతి పాట వినువారికి తెలియదు.

నాటక వేదికపైనను, పెండ్లి పందిరిలోను నేడు కీబోర్డు సామాన్యమైనది. నటుని గొంతు నేడు బొంగురుపోయినదా? ఒక మీట నొక్కినచో శ్రుతి అరమెట్టు దిగును. తంబుర కావలెనా? అదియు లోపలనే యున్నది. అయినను పల్లెలలో హార్మోనియము పోలేదు. దానికి కరెంటు అక్కరలేదు. తిత్తిని మెల్లగా, గట్టిగా తోయుటచే పద్యములోని ఉద్వేగమును పెంచుటకు, తగ్గించుటకు వీలున్నది. చౌక కీబోర్డులో మెట్టును మెత్తగా తాకినను, గ్రుద్దినను ఒకే ధ్వని. రీడు శ్రుతి తప్పినచో మరమ్మతు చేయువాడు నాలుక కొనను ఆకురాయితో సున్నితముగ గీకును; కొన తేలికయై శ్రుతి పెరుగును. మొదట గీకినచో నాలుక బలహీనమై శ్రుతి తగ్గును. ఒకే శ్రుతిలో పాడెడివారి కొరకు కొందరు గాంధారపు రీడును ఈ విధముగనే కొంచెము దించి, తంబురతో కలిపి పెట్టుదురు. ముప్పది యేండ్ల నిషేధము చేయలేని దిద్దుబాటును ఆకురాయి రెండు గీతలలో చేయును.

పాఠశాలలో దీనిని ప్రయోగముగా చేసి చూపవచ్చును. స్వరములను సెంటులలో సవరించు సౌకర్యము గల కీబోర్డులు బజారులో దొరకుచున్నవి. హార్మోనియము లేక ఆర్గను ధ్వనిని ఎన్నుకొని, మధ్యస్థాయిలోని స, గ మెట్లను కలిపి నొక్కి పట్టవలెను. తరగతి నిశ్శబ్దముగ నున్నచో విస్పందనములు చెవికి తగులును. విద్యార్థులు వానిని గడియారము చూచుచు లెక్కింప ప్రయత్నింపవచ్చును. అటుపిమ్మట గాంధారమును 14 సెంటులు దించి అవే రెండు మెట్లను మరల నొక్కవలెను. వణకు ఆగును. అప్పుడు ఎవరైన పాడెడి విద్యార్థిని ఆ గాంధారముతో గొంతు కలుపుమని అడిగి, మీటను తిరిగి సున్నకు తెచ్చి, మరల కలుపుమనవలెను.